స్పామ్ ఫిల్టర్‌ను ఆపడం కాదు, ముందు ఆ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి

"నాకు రావాల్సిన మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయి, చెత్తంతా ఇన్‌బాక్స్‌లోకి వస్తోంది. ఈ ఫిల్టర్‌ను పూర్తిగా ఆపేయడం ఎలా?" అని అడిగారు. మీది జీమెయిల్ అన్నారు కాబట్టి సూటిగా చెబుతాను. పూర్తిగా ఆపే మీట అందులో లేదు. ఉన్నా దాని జోలికి వెళ్లవద్దనే అంటాను.

నేను కంప్యూటర్ ఇంజినీరును కాను. తెనాలిలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే పని నాది. చార్టర్డ్ అకౌంటెంట్‌నూ కాను. అయినా బజారులో అందరూ ఆడిటర్ గారనే పిలుస్తారు, నేనూ కాదనను. జులై వచ్చిందంటే మా పార్టీల, అంటే నా చేత రిటర్నులు వేయించుకునేవారి, మెయిళ్లు చూసినంతగా నా మెయిళ్లు చూసుకోను. ఆ అనుభవంతో అంటున్నాను: ఫిల్టర్ పాడైపోయిందని నా దగ్గరకు వచ్చినవారి విషయంలో తప్పు ఫిల్టర్‌ది కావడం నేను చూడలేదు. పాడుచేసినవారే ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంటారు.

ఇనుప సామాన్ల కొట్టు నడిపే ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆ ఏడాది రిటర్ను ఇంకెవరి చేతనో వేయించుకున్నారు. రిఫండ్ ఎంతకీ రాకపోయేసరికి, ఒకసారి చూసిపెట్టండి అంటూ వచ్చారు. ఆదాయపు పన్ను శాఖవారు ఏమైనా మెయిల్ పంపారేమో చూద్దామండీ అన్నాను. చొక్కా జేబులోంచి చిన్న పాకెట్ పుస్తకం తీసి, అందులో రాసుకున్న పాస్‌వర్డ్‌ను ఒక్కొక్క అక్షరమే నొక్కి, నా కంప్యూటర్‌లోనే మెయిల్ తెరిచారు. తెరిచీ తెరవగానే పేజీ పైన ఎడమ పక్కనున్న గడిలో టిక్కు పెట్టారు. ఆ పేజీలోని మెయిళ్లన్నీ ఒక్కసారిగా లేత నీలం రంగుకు తిరిగాయి. ఆ తర్వాత, చెత్తబుట్ట బొమ్మ పక్కన ఆశ్చర్యార్థకం ఉన్న బొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, మౌస్‌ను సరాసరి దాని మీదకు తీసుకువెళ్లారు.

"ఆగండాగండి! ఏం చేస్తున్నారు?"

"శుభ్రం చేస్తున్నానండీ. రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే ఇదే నా మొదటి పని."

"పక్కనే చెత్తబుట్ట ఉంది కదా?"

"అది నొక్కితే రేపు మళ్లీ వస్తున్నాయి ఆడిటర్ గారూ. ఇది నొక్కితే ఇక రావడం లేదు. ఇదే నయం."

ఆయన తర్కానికి వంక పెట్టలేం. రావడం లేదన్న మాట అక్షరాలా నిజం. ఆ బొమ్మ నొక్కడమంటే 'ఇది స్పామ్, ఇలాంటివి ఇక నా కంట పడనివ్వకండి' అని ఫిర్యాదు చేయడం. బ్యాంకు మీద, బీమా కంపెనీ మీద, తనకు సరుకిచ్చే రంగుల కంపెనీ మీద, ఆఖరికి ఆదాయపు పన్ను శాఖ మీద కూడా ఆయన రోజూ మూకుమ్మడిగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. వచ్చినవాళ్లందరినీ గేటు బయటే ఆపమని కాపలావాడికి పొద్దున చెప్పి, పండక్కి వచ్చిన అల్లుణ్ణి ఎందుకు ఆపావని సాయంత్రం వాడి మీద విరుచుకుపడితే ఎలా ఉంటుంది?

సరే, స్పామ్ పెట్టె తెరిచాం. పైనే ఉంది, 'మీ రిఫండ్ మంజూరైంది' అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, వచ్చేసింది! ఇక్కడ నొక్కాలట" అంటూ లింకు మీదకు వేలు పోనిచ్చారు. నేను మౌస్ లాక్కున్నాను. పంపినవారి పేరు చూస్తే ఇన్‌కంట్యాక్స్ డిపార్ట్‌మెంట్ అని దర్జాగా పెద్ద అక్షరాల్లో ఉంది. పేరు కింద 'టు మీ' అన్న మాట పక్కన ఉండే చిన్న బాణం గుర్తు నొక్కి అసలు చిరునామా చూస్తే, అర్థంపర్థం లేని అక్షరాల తర్వాత డాట్ కామ్. శాఖ మెయిళ్ల చిరునామా చివర ఇన్‌కంట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. కార్డు నంబర్లు, పిన్‌లు, పాస్‌వర్డులు శాఖవారు మెయిల్‌లో అడగరు. అందుకే చెబుతున్నాను, ఫిల్టర్‌ను ఆపేస్తే మీ ఇన్‌బాక్స్‌లో మొదట కనిపించేది ఇలాంటి మెయిలే.

దాని కింద కాస్త దూరంలో, అప్పుల ప్రకటనల మధ్య, అసలు మెయిల్ దొరికింది. సెక్షన్ 139(9) కింద వచ్చిన నోటీసు, అంటే రిటర్నులో లోపం ఉంది, సరిచేయండి అని. రంగుల కంపెనీ ఇచ్చిన కమీషన్ మీద ముందుగానే కోసిన పన్నును, అదే టీడీఎస్‌ను, రిటర్నులో క్లెయిమ్ చేశారు గానీ, ఆ కమీషన్‌ను ఆదాయంలో చూపించనే లేదు. ఇలాంటి నోటీసుకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ రిటర్ను చెల్లదు, అసలు వేయనట్టే లెక్క. జీమెయిల్ స్పామ్‌లోని మెయిల్‌ను 30 రోజులు ఉంచి, ఆ తర్వాత తనంతట తానే తీసేస్తుంది. ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే గడువూ పోయేది, నోటీసు వచ్చిన ఆనవాలు కూడా మెయిల్‌లో మిగిలేది కాదు. ఆయన అదృష్టం కొద్దీ గడువు ఇంకా ఉంది. కమీషన్ కలిపి, లోపం సరిచేసి పంపాం. నోటీసు శాఖవారి పోర్టల్‌లో లాగిన్ అయినా కనిపిస్తుంది, నిజమే. పని లేకుండా పోర్టల్‌లోకి వెళ్లి చూసే వ్యాపారి ఎవరైనా ఉంటే నాకు చూపించండి, దండ వేసి సన్మానిస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మొదట స్పామ్ పెట్టె తెరిచి, మీకు కావాల్సినవి ఒక్కొక్కటే చూసి 'నాట్ స్పామ్' నొక్కండి. పెట్టె పెద్దదైపోతే వెతకండి. మామూలుగా వెతికితే జీమెయిల్ స్పామ్‌లోనూ ట్రాష్‌లోనూ చూడదు, అందుకే చాలామంది అసలు మెయిలే రాలేదని ప్రమాణం చేస్తారు. వెతికే పట్టీలో కుడి చివరనున్న గుర్తు నొక్కితే ఎక్కడ వెతకాలో ఎంచుకోవచ్చు. అందులో స్పామ్, ట్రాష్ కూడా కలిసే వరుస ఎంచుకోండి. అదే చోట 'నుంచి' అన్న గడిలో బ్యాంకు చిరునామానో శాఖ చిరునామానో రాసి ఫిల్టర్ సృష్టించవచ్చు. స్పామ్‌కు ఎప్పుడూ పంపవద్దు అనే గడికి టిక్కు పెడితే చాలు. ఈ పని ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. ఒక్క జాగ్రత్త: బ్యాంకు పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. ఆ పేరు దొంగ కూడా పెట్టుకోగలడు. ఎట్ గుర్తు దగ్గర నుంచి చివరి దాకా మొత్తం రాయండి.

బ్లాక్ చేయడం మీద మీకు పెద్ద ఆశలు ఉన్నట్టున్నాయి. వదిలేయండి. బ్లాక్ చేసినవారి మెయిళ్లు కూడా వచ్చి చేరేది స్పామ్‌లోనే. పైగా దొంగ మెయిళ్లు పంపేవాడు రోజుకో చిరునామా మారుస్తాడు, ఎన్నని బ్లాక్ చేస్తారు?

ఇక మీ ఇన్‌బాక్స్‌లోకి వస్తున్న చెత్త. అందులో చాలా భాగం స్పామ్ కాదని నా గట్టి నమ్మకం, మీరు స్వయంగా పిలిచినదే. మా ఊళ్లో బట్టల దుకాణంలో రెండు తువ్వాళ్లు కొంటే బిల్లు కౌంటర్ దగ్గర ముందు ఫోన్ నంబర్ అడుగుతారు, తర్వాత మెయిల్ అడుగుతారు. తువ్వాలుకు మెయిల్ ఎందుకో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. వెనక వరసలో జనం ఉన్నారన్న మొహమాటంతో మనం చెప్పేస్తాం. లేదని చెప్పడం నేర్చుకోండి. చెప్పక తప్పకపోతే ఒక ఉపాయం ఉంది: మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఆ దుకాణం పేరు చేర్చి ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది, మీ చిరునామాను ఎవరు ఎవరికి అందించారో కూడా తెలుస్తుంది. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అది వేరే తలనొప్పి. పేరున్న కంపెనీల ప్రచారం వద్దనుకుంటే పంపినవారి పేరు పక్కనుండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. పెద్ద ఎత్తున ప్రచార మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు కల్పించి తీరాలని గూగుల్, యాహూ 2024లో నియమం తెచ్చాయి. లాటరీ తగిలిందనే బాపతు మెయిళ్లలోని లింకు మాత్రం ముట్టుకోవద్దు. ఆ ఆశ్చర్యార్థకం బొమ్మ అసలు ఉన్నది వాటి కోసమే. ప్రచార కాల్స్‌నూ ఎస్సెమ్మెస్‌లనూ ఆపమనడానికి మనకు 1909 ఉంది. మెయిళ్లకు అలాంటి నంబరేదీ లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగరు కూడా.

మీరు అడగలేదు గానీ, నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఆ పెద్దాయన్ను, "మరి శాఖవారి ఎస్సెమ్మెస్ కూడా రాలేదాండీ?" అని అడిగాను. పోర్టల్‌లో చూస్తే అక్కడ నమోదైన ఫోన్ నంబర్ అంతకుముందు రిటర్ను వేసినాయనది. మెయిల్ ఖాతా తెరిచింది నెట్ సెంటర్ కుర్రాడు, పాస్‌వర్డ్ పోతే తిరిగి పొందడానికి ఇచ్చిన నంబర్ కూడా ఆ కుర్రాడిదే. కొట్టు ఆయనది, పాన్ ఆయనది, తాళం చెవులు మాత్రం ఊళ్లో ఇద్దరి దగ్గర ఉన్నాయి. దీనికి మా వృత్తివారిని కూడా తిడతాను. పని త్వరగా తెమలుతుందని పార్టీ నంబర్ బదులు తమ నంబర్ పెట్టేస్తారు, ఆ తర్వాత పార్టీ వేరే చోటికి వెళ్తే నోటీసుల సంగతి పట్టించుకోరు. మీ ఖాతా సెట్టింగ్స్‌లో భద్రత విభాగం తెరిచి రికవరీ నంబర్ ఎవరిదో ఈ రోజే చూడండి. పోర్టల్‌లో మీ ప్రొఫైల్‌లో ఏ నంబర్, ఏ మెయిల్ ఉన్నాయో కూడా చూడండి. మీవి కాకపోతే మార్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ గూగుల్ ఖాతాలో నిల్వ ఎంత నిండిందో కూడా చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తోంది. బంధువుల గ్రూపులో రోజూ వచ్చే శుభోదయం పూల బొమ్మలన్నీ అందులోకే చేరతాయి. నిండిపోతే కొత్త మెయిళ్లు ఇన్‌బాక్స్‌లోకీ రావు, స్పామ్‌లోకీ రావు, పంపినవారికే తిరిగి వెళ్తాయి. ముందు ఆ పూలు తీసేయండి, ఫిల్టర్ సంగతి ఆ తర్వాత.