గడియారం సరిగ్గా నడుమకు రావాలంటే

అమలాపురం మిత్రులకు నమస్కారం. ఆసమ్ (లినక్స్‌లో తెరపై కిటికీలను అమర్చే విండో మేనేజర్ ప్రోగ్రామ్) బార్‌లో గడియారాన్ని మధ్యన పెట్టినా ఎడమవైపే అంటుకుంటోందని అడిగారు. తప్పు గడియారానిది కాదు, బార్‌లో వస్తువులను అమర్చే అలైన్ లేఅవుట్‌ది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వెళ్లినట్టే అది బార్‌ను మూడు భాగాలుగా పంచుతుంది. అయితే రెండు అంచుల భాగాలకూ కావలసినంతే ఇచ్చి, మిగిలిన చోటంతా నడిమిదానికి వదిలేస్తుంది. ఆ ఖాళీలో అక్షరాలు ఎడమ అంచు నుంచే మొదలవుతాయి.

ఆసమ్ సెట్టింగులుండే ఆర్‌సీ.లువా (rc.lua) ఫైలులో, బార్‌కు అలైన్ లేఅవుట్ అని రాసిన వరుస కిందే ఎక్స్‌పాండ్ విలువను "నన్" అని, అంటే expand = "none", అని రాయండి. అప్పుడు గడియారం నడుమకు వస్తుంది. చివర కామా మరవద్దు. పక్కన బ్యాటరీ కూడా కావాలంటే రెండింటినీ ముందుగా పక్కపక్కనే పేర్చే ఒక ఫిక్స్‌డ్ లేఅవుట్‌లో చేర్చండి. విడిగా రాస్తే బ్యాటరీ మూడో భాగాన్ని ఆక్రమిస్తుంది, మీ కుడివైపు విడ్జెట్లు (బార్‌లోని చిన్న చిన్న వస్తువులు) కనిపించకుండా పోతాయి. నేను ఒక సాయంత్రమంతా వెతికింది ఇందుకే.