నాటు మందు, ఆయుర్వేద మందు ఒకటేనా?

సందేహం: 2021లో కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన మందును కొందరు 'ఆయుర్వేద మందు' అన్నారు, కొందరు 'నాటు మందు' అన్నారు. నాటు అనడం కించపరచడం కాదా? ప్రభుత్వం దానికి 'ఆమోదం' తెలిపిందని ఒకచోట, 'అనుమతి' ఇచ్చిందని ఇంకోచోట చదివాను. ఏది సరైనది? మన సాంప్రదాయ వైద్యాన్ని ఏ మాటతో పిలవాలి?

సమాధానం: 'నాటు' పుట్టుకతో తిట్టు కాదు. నాడు అంటే సీమ, ప్రాంతం. పాకనాడు, వెలనాడు పేర్లలో ఉన్నది అదే. పాకనాటి, వెలనాటి అన్నప్పుడు 'డు' కాస్తా 'టి' అవుతుంది. ఆ నాడుకు చెందినది నాటు. (వరినాట్ల నాటు వేరే మాట.) తమిళులు 'నాట్టు మరుందు' అని దుకాణాల బోర్డుల మీదే రాసుకుంటారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. మన దగ్గర మాత్రం పక్కనున్న సరుకును బట్టి ఈ మాట విలువ మారిపోతుంది. చికెన్ షాపులో 'నాటుకోడి' అనగానే కిలో రేటు బ్రాయిలర్‌ని దాటిపోతుంది, అయినా కొనేవాడు బేరమాడడు. అదే నాటుసారా, నాటు తుపాకీ అంటే పోలీసులు గుర్తొస్తారు. నాటు మందు ఈ రెంటికీ మధ్య ఎక్కడో నలుగుతోంది. అసలు 'మందు'కే మనవాళ్లు ఇంకో అర్థం ఇచ్చుకున్నారు కదా!

2021 మే నెలలో ఆనందయ్య మందు విషయంలో మాత్రం ఆ మాట తిట్టుగా రాలేదు, చట్టం లెక్క ప్రకారం వచ్చింది. ఆయుర్వేద ఔషధం అని అమ్మాలంటే 1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం చరక సంహిత లాంటి గుర్తింపు పొందిన గ్రంథాల్లోని యోగాన్ని అనుసరించాలి. లేదా వాటిలో చెప్పిన దినుసులతోనే సొంతంగా కూర్చాలి. ఎలా చేసినా లైసెన్సు తెచ్చుకోవాలి. ('యోగం' అంటే ఇక్కడ దినుసుల కూర్పు. ఆసనాల యోగం కాదు, అదృష్టమూ కాదు.) ఆనందయ్య వాడిన మిరియాలు, పసుపు, వేప, తేనె ఆయుర్వేదానికి కొత్తేమీ కాదు. కానీ కూర్పు ఆయన సొంతం, లైసెన్సు లేదు. అందుకే దాన్ని ఆయుర్వేదం అనలేమని, నాటు మందుగానే చూస్తామని ఆయుష్ (ఆయుర్వేదం లాంటి దేశీయ వైద్యాలను చూసే ప్రభుత్వ శాఖ) అధికారులు చెప్పారు. నా దృష్టిలో అది నిక్కచ్చి మాట. జనం వేలల్లో క్యూ కట్టిన రోజుల్లో అధికారి నోట 'ఆయుర్వేదం' అన్న మాట వస్తే, పరీక్ష పాసైపోయిందనే అనుకుంటారు.

ఇక ఆమోదం, అనుమతి. సంస్కృతంలో ఆమోదం అంటే సంతోషం, పరిమళం. తెలుగులో అది 'బాగుంది, మాకు ఇష్టమే' అన్న సమ్మతి. అనుమతి అంటే చేసుకోనివ్వడం, అంతే. పిల్లవాడు సినిమాకి వెళ్తానంటే అనుమతిస్తాం, ఆ సినిమాను ఆమోదించినట్టు కాదు. 2021 మే 31న ఆనందయ్య మందుల్లో నోటితో తీసుకునే మూడు రకాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచుకోనిచ్చింది. కంటిచుక్కలకు ఆ రోజు ఒప్పుకోలేదు. ఆ మందుతో హాని లేదంది గానీ కొవిడ్ తగ్గుతుందని తేలిందని అనలేదు. డాక్టర్లు రాసిన మందులు మానొద్దని కూడా చెప్పింది. దీన్ని 'అనుమతి' అనాలి. 'ఆమోదం' అని హెడ్డింగు పెట్టినవాళ్లు ప్రభుత్వం అనని మాటను దాని నోట్లో పెట్టారు.

మీ చివరి ప్రశ్నకు: ఎవరి మందు, ఏ గ్రంథం అన్నది తెలియనప్పుడు 'సంప్రదాయ వైద్యం' అనండి. విశేషణమే కావాలంటే 'సాంప్రదాయిక' ఉంది. మీరు రాసిన 'సాంప్రదాయ' రెంటికీ చెందదు. బాధపడకండి, సర్కారు బోర్డుల మీదా అదే ఉంటోంది.