రెజ్యూమెలో ఉన్నది ఉన్నట్టే రాయి, కానీ ఉన్నదంతా రాయి

పాపా,

నువ్వు పంపిన రెజ్యూమె రాత్రి కూర్చుని చదివాను. బెంగళూరులో ఏదో కంపెనీలో రెండేళ్ళు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేసినట్టు రాశావు. ఆ రెండేళ్ళూ నువ్వు ఇక్కడ అనంతపురం పాతూరులో, మీ నాన్న ఎరువుల అంగడిలో కూర్చున్నావు. డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ లెటరు, పేస్లిప్పులు అన్నీ ఇస్తామని కన్సల్టెన్సీవాళ్ళు ఎవరో చెప్పారంట కదా, మీ అమ్మ చెప్పింది. ఇంకా కట్టకపోతే కట్టొద్దు. కట్టేసి ఉంటే ఆ డబ్బు పోయిందనుకో. ఆ కాగితాలు మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

ఇన్నేళ్ళు ఉద్యోగులను తీసుకునే పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినదాన్ని, అట్లాంటి కాగితాలు బల్లకు అవతల ఏమవుతాయో నాకు తెలుసు. పీఎఫ్ ఉన్న ఉద్యోగికి 2014 నుంచి యూఏఎన్ అని ఒకే నంబరు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానారో దాని సర్వీస్ హిస్టరీలో తేదీలతో సహా కనిపిస్తుంది. జీతంలోనే ముందుగా పట్టుకునే పన్ను, అదే టీడీఎస్, పట్టి ఉంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ కంపెనీ పేరు ఉంటుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటూ అడుగుతారు. పేస్లిప్పు ఎవరైనా తయారుచేయొచ్చు గానీ, ఇవన్నీ దానితో కలవాలి కదా. పీఎఫ్ కూడా కట్టి చూపించే ఘనులున్నారు. అట్లాంటి అనుమానపు కంపెనీల జాబితాలు పెద్ద సంస్థలు దగ్గర పెట్టుకునే ఉంటాయి.

ఈ వెరిఫికేషన్ చాలాచోట్ల చేరిన తర్వాత కూడా నడుస్తుంది. అక్కడ పీజీ హాస్టల్లో చేరి, అడ్వాన్సు కట్టి, నాలుగు నెలలు పనిచేసి, అందరితో కలిసిపోయాక ఒకరోజు పిలిచి బ్యాగు తీసుకుని వెళ్ళమంటారు. నిజంగా కష్టపడిన ఆ నాలుగు నెలలు కూడా ఇంకోచోట చెప్పుకోలేవు. పైగా నకిలీ పత్రాన్ని అసలుదని చూపించడం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం.

అయితే నా బాధ దొరికిపోతావని మాత్రమే కాదు. నువ్వు చేసిన పని ఆ రెజ్యూమెలో ఒక్క ముక్క కూడా లేదు. చేయనిదానికి పేజీలో సగం ఇచ్చావు, చేసినదానికి ఒక్క లైను ఇవ్వలేదు.

అంగడిలో నువ్వేం చేశావో నేను కళ్ళారా చూశాను. విత్తనాలకు జీఎస్టీ లేదు, ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం. రైతు ఒక్కడే వచ్చి ఒకే బిల్లులో మూడూ తీసుకుంటాడు. వేరుశెనగ అదనులో అంగడి ముందు మనుషులు కిక్కిరిసి ఉంటే, వాటిని తప్పు పోకుండా టాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేది నువ్వే. సబ్సిడీ ఎరువు ఈ-పాస్ మిషన్‌లోనే అమ్మాలి, ఎక్కువమందికి ఆధార్ వేలిముద్ర పెట్టించాలి. పొలంపనితో అరిగిపోయిన వేళ్ళు, మిషన్ తీసుకోదు. తడిగుడ్డతో తుడిపించి, ఇంకో వేలు పెట్టించి, విసుక్కోకుండా పని కానిచ్చేదానివి. సాయంత్రానికి మిషన్‌లో చూపే బస్తాలూ గోడౌన్‌లో ఉన్న బస్తాలూ ఒకటి కావాలి, లేకపోతే తనిఖీలో నోటీసు. నువ్వు కూర్చున్నాక ఆ లెక్క తేడా రాలేదని మీ నాన్నే అందరికీ చెప్తాడు. రైతుల అప్పు ఖాతాలు చిత్తుపుస్తకంలో నుంచి ఎక్సెల్‌లోకి మార్చింది కూడా నువ్వే.

బస్తాల లెక్క సరిచూడటాన్ని స్టాక్ రికన్సిలియేషన్ అని, రావాల్సిన బాకీలను రిసీవబుల్స్ అని, బిల్లులను జీఎస్టీ బిల్లింగ్ అని ధైర్యంగా రాయి, నువ్వు చేసింది అదే. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి కదా, వాటి స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో కావాల్సింది ఇట్లాంటి పని తెలిసిన మనుషులే. బెంగళూరుతో పాటు అక్కడా పెట్టు. నాన్న అంగడి అంటే చులకనగా చూస్తారని నీ భయం. 'కుటుంబ వ్యాపారం' అని రాయి, జీతం తీసుకోలేదు కాబట్టి జీతం దగ్గర లేదనే చెప్పు. ఎవరైనా కనుక్కోవాలంటే మీ ఆడిటర్ ఉన్నారు. ముందే ఆయన్ను అడిగి, సరేనంటే పేరివ్వు.

ఇక్కడే ఒక జాగ్రత్త. నెలనెలా 11వ తేదీ లోపల అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1, 20వ తేదీ లోపల పన్ను లెక్క చూపే 3బీ రిటర్ను పోవాలని ఇంట్లో అందరికంటే ముందు గుర్తుపెట్టుకునేది నువ్వే, కాదనను. కానీ అంకెలు సిద్ధం చేసేది నువ్వు, పోర్టల్‌లో ఫైల్ చేసేది ఆడిటర్. 'రిటర్నులు ఫైల్ చేశాను' అని రాయొద్దు, 'రిటర్నులకు డేటా తయారుచేశాను' అని రాయి. మొదటిది రాస్తే రెండో ప్రశ్నకే నీళ్ళు నములుతావు. రెండోది రాస్తే అరగంట మాట్లాడగలవు.

'ఎక్సెల్ ఎక్స్‌పర్ట్' కూడా తీసెయ్. ఒక ఇంటర్వ్యూలో ఒక అబ్బాయి అట్లనే రాసుకొచ్చాడు. ల్యాప్‌టాప్ ముందుపెట్టి, ఒక షీట్‌లో బిల్లులు, ఇంకోదాంట్లో వచ్చిన డబ్బు ఇచ్చి, డబ్బు రాని బిల్లులేవో చెప్పమన్నాం. పాపం, ఒక్కొక్క నంబరూ వేలితో చూసుకుంటూ కిందికి పోయాడు. టాలీ నిజంగా బాగా వచ్చిన పిల్లాడే. ఆ తర్వాత ఎవరూ టాలీ గురించి అడగలేదు. అట్లా రెండు షీట్లు కలిపి వెతకడానికి ఎక్సెల్‌లో వీ-లుకప్ అని ఫార్ములా ఉంది. అదేరోజు ఇంకో అమ్మాయి 'వీ-లుకప్ వచ్చు సార్, లెక్కలు కుదించి చూపే పివట్ టేబుల్ ఇప్పుడే నేర్చుకుంటున్నా' అని చెప్పి, వచ్చింది మా ముందే చేసి చూపించింది. ఆ అమ్మాయినే తీసుకున్నాం.

బీకాంలో ఒక సబ్జెక్టు రెండోసారి రాసి పాసయ్యావు కదా. 'ఇప్పుడు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా' అంటే లేవు, అది నిజం. 'ఎప్పుడైనా ఉన్నాయా' అని అడిగితే ఉందనే చెప్పాలి. ప్రశ్న నిదానంగా చదివి జవాబివ్వు. జీతం ఎంత కావాలంటే మాత్రం మొహమాటపడొద్దు. ఎక్కువ అడగడం అబద్ధం కాదు.

మీ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో అటెస్టేషన్ ఫారం ఇస్తారు, కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. కాలేజీ గొడవలో వాడి పేరు స్టేషన్‌లో పడింది కదా, కొట్టేశారులే అని వదిలేయకుండా కొట్టేసిన సంగతితో సహా రాయమను. అడిగిన సమాచారం నిజంగా ఉండాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న కేసును అధికారులు మన్నించే వీలుంది. దాచిపెట్టారని తేలితే ఆ చిన్న కేసే పెద్దదైపోతుంది.

రెజ్యూమె ఒక్క పేజీలో మళ్ళీ రాసి శనివారం లోపల పంపు. టాలీ ఏ వెర్షనో రాయి. ఆదివారం ఇంటికి రా, నేను ప్రశ్నలడుగుతా. 'సొంత అంగడి ఉండగా ఉద్యోగం ఏంటికమ్మా' అని తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు నేను చెప్పను, నీకు తోచింది నువ్వే ఆలోచించుకుని రా.

మీ అత్త