గుండు చేయిస్తే జుట్టు సాఫీ అయితదా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హన్మకొండ, పెండ్లయినంక అట్లాంటాల ఉంటున్నం, మా ఆయన అక్కడి బ్లాక్ అమెరికన్. నాన్నకు ఆపరేషన్ అయితే పిల్లల్ని తీసుకొని వచ్చిన, బతుకమ్మ దాకా ఇక్కడే ఉంటం కాబట్టి ఏడేండ్ల పాపను ఇక్కడి స్కూల్ల వేసిన. పాప రంగు, జుట్టు అంతా వాళ్ళ నాన్నదే, మూడేండ్ల బాబు కొంచెం తెల్లగుంటడు. ఇంటికొచ్చినోళ్ళు వాణ్ణి ఎత్తుకొని ముద్దు చేస్తరు, పాప జుట్టు పట్టి చూసి నవ్వుతరు. క్లాసుల ఒక పిలగాడు ఆమెకు 'వెస్టిండీస్' అని పేరు పెట్టిండంట. మొన్న స్నానం పోస్తుంటే 'శనగపిండి ఎక్కువ పెట్టు మమ్మీ, తమ్ముని లెక్క అయిత' అన్నది, నాకు కాళ్ళుచేతులు ఆడలే. అమ్మేమో వేములవాడల గుండు చేయిస్తే జుట్టు సాఫీగ వస్తదంటది. 'నేను తెలుగా, అమెరికానా' అని పాప అడిగితే ఏం చెప్పాలె? — ఒక తల్లి, హన్మకొండ

జవాబు: ముందు గుండు సంగతి తేల్చేద్దాం చెల్లే. జుట్టు రింగులు తిరిగేది చర్మం లోపలున్న కుదురు ఆకారాన్ని బట్టి, పైన గొరిగితే లోపల కుదురు మారదు, మళ్ళ వచ్చేది అదే జుట్టు. రాజన్నకు మొక్కు ఉన్నదంటే పాపను అడిగి, ఒప్పుకుంటే తియ్యిండ్రి, అది వేరే ముచ్చట. కానీ 'నీ జుట్టు బాగలేదు, గొరిగిస్తే బాగైతది' అన్న మాట ఆమె చెవుల పడ్డంక గుండు చేయిస్తే అది మొక్కు కాదు, దేవుని పేరు మీద బిడ్డకు వేసిన శిక్ష.

అమ్మను కూడా తప్పుపట్టను, ఆ జుట్టును ఎట్ల చూసుకోవాల్నో ఆమెకు ఎవరూ చూపియ్యలే కదా. పొడి జుట్టును మన దువ్వెనతోని లాగితే పిల్ల ఏడుస్తది, వెంట్రుకలు తెగుతయి, అప్పుడు 'అబ్బో ఇదేం జుట్టే' అనే మాట అదే వస్తది. తలస్నానం వారానికోసారి చాలు, తడి మీద కండిషనర్ దండిగ పెట్టి, పండ్లు దూరం దూరంగున్న దువ్వెనతోని కొసల కాడ మొదలుపెట్టి మెల్లగ పైకి రావాలె, చిక్కు దానంతటదే విడుస్తది. కొబ్బరినూనె మనింట్ల ఉండనే ఉంటది. రాత్రి తలకు శాటిన్ గుడ్డ కట్టుండ్రి, కాటన్ దిండు తడినంతా పీల్చేస్తది. అన్నిటికన్న మంచి పని ఒకటున్నది, ఆదివారం పొద్దున అట్లాంటాల ఉన్న బాపమ్మకు వీడియో కాల్ చెయ్యి (వాళ్ళకు శనివారం రాత్రి), ఫోన్ను స్టీలు చెంబుకు ఆనించి పెట్టు, ఆమె చెప్తుంటే మీ అమ్మను జడలు అల్లమను. ఇద్దరికీ భాష రాకపోయినా పర్వాలేదు, చేతులు కనిపిస్తయి కదా. ఆ పొద్దంతా ఇద్దరు ముసలోళ్ళు తన జుట్టు మీదనే మనసుపెట్టిండ్రని పాపకు తెలుస్తది.

ఇగ శనగపిండి. 1940లల్ల అమెరికాల కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ సైకాలజిస్టులే, నల్ల పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిది అని అడిగిండ్రు. చాలామంది తెల్లదాన్నే చూపెట్టిండ్రు. స్కూళ్ళల్ల తెల్లోళ్ళను నల్లోళ్ళను వేరు చెయ్యొద్దని 1954ల అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల కూడా ఆ పని ప్రస్తావన ఉన్నది. ఆ పిల్లలకు నల్లది చెడ్డదని ఎవరూ కూసోబెట్టి పాఠం చెప్పలే, చుట్టూ చూసి నేర్చుకున్నరు. మీ పాప కూడా అంతే, నిజం చెప్పాల్నంటే ఇది అమెరికా నుంచి తెచ్చుకున్న రోగం కాదు, పెండ్లి సంబంధంల 'పిల్ల రంగెట్లుంది' అని మొదలయ్యే మన రోగమే. కాబట్టి చుట్టాలు పోయినంక సముదాయించుడు కాదు, వాళ్ళు అన్నప్పుడే, పాప ఇనేటట్టు, 'చిన్నమ్మా, మా ఇంట్ల రంగుల పోలిక పెట్టం' అని చెప్పెయ్యి. మొహం ముడుచుకుంటరు, ముడుచుకోనీ. బాబు కోసం కూడా ఇది చెయ్యాలె, తెల్లగున్నందుకే ముద్దొస్తున్న అని వానికి ఇప్పటిసంది ఎక్కితే రేపు అక్కను వాడే అంటడు. రంగును ఒక్క జన్యువు కాదు చానా జన్యువులు కలిసి తేలుస్తయి, అందుకే ఒకే అమ్మానాన్నల పిల్లలు తీరొక్క తీరుగ ఉంటరు, ఇది పాపకు అర్థమయ్యేటట్టు చెప్పొచ్చు.

టీచర్ను కలువు, ఆ పిలగాణ్ణి కొట్టమని కాదు, ఆ పేరు క్లాసుల నడవొద్దని. పాపకు కూడా 'నా జుట్టు ముట్టుకోవద్దు' అని గట్టిగ అనుడు నేర్పు.

తెలుగా అమెరికానా అంటే, రెండూ అని చెప్పు, సగం సగం అనే లెక్క మాత్రం చెప్పకు. అమెరికా జనాభా లెక్కలల్లనే 2000 దాకా ఒక్క జాతి గడికే టిక్కు పెట్టాల్సి ఉండె, ఆ ఏడాది నుంచే ఒకటికన్న ఎక్కువ పెట్టనిస్తున్నరు, దేశానికే అంత టైం పట్టింది. గుత్తా జ్వాలను చూపియ్యి, అమ్మ చైనా ఆమె, నాన్న తెలుగాయన, 2010 కామన్వెల్త్‌ల మనకు బ్యాడ్మింటన్ డబుల్స్ గోల్డ్ తెచ్చింది, అయినా సోషల్ మీడియాల ఎన్ని మాటలు పడ్డదో తనే చెప్పింది. మన పెండ్లి బరాత్‌ల కొట్టే మర్ఫా కూడా నిజాం ఫౌజుల పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిందే, ఈసారి మోగినప్పుడు పాపకు చెప్పు.

ఒక్క సంగతి మాత్రం దాచకు. నువ్వెంత తెలుగు పిల్లగ పెంచినా అక్కడ బయటోళ్ళు ఆమెను నల్లపిల్ల అనే చూస్తరు, దానికి ఎట్ల తయారుండాల్నో వాళ్ళ నాన్నకు తెలుసు, ఆ ముచ్చట ఆయననే మాట్లాడనియ్యి. పద్మాక్షి గుట్ట కాడ సద్దుల బతుకమ్మ ఆడేటప్పుడు అందరు ఆమెనే రీల్స్ తియ్యకుండ చూసుకో, పక్కపొంటి పిల్లల లెక్కనే ఆడుకోనియ్యిండ్రి.

ప్రశ్న: కొడుకు జర్మనీల అక్కడి పిల్లను చేసుకున్నడు. నాలుగేండ్ల మనవడు ఫోన్ల తెలుగు, జర్మన్ కలగలిపి మాట్లాడుతడు. పిలగాడు కన్ఫ్యూజ్ అయితడని కోడలి భయం. నేను తెలుగు బంద్ చెయ్యాల్నా? — ఒక తాత, జగిత్యాల

జవాబు: వద్దు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలు కలిపి మాట్లాడుడు మామూలే, మెల్లగ వాళ్ళే విడదీసుకుంటరు. కానీ వారానికోసారి 'తిన్నవా బిడ్డా' అంటే భాష రాదు, ముందు మీ కొడుకునే రోజు తెలుగుల మాట్లాడమనుండ్రి. మీరు ఫోన్ను పొలం కాడికి తీసుకపోయి ట్రాక్టర్ స్టార్ట్ చేసి చూపియ్యుండ్రి, ప్రశ్నలు వాడే అడుగుతడు.