కాపాకి కత్తెర పెట్టే ముందు

చిట్టితల్లీ,

కాపా మీద, అదే బెరడు కొట్టి చేసే హవాయి గుడ్డ మీద, కుట్టుపనితో హోనొలులులో ఎగ్జిబిషన్ పెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకుందంటే ఎంత గర్వంగా ఉందో. కానీ షీట్లను ముక్కలుగా కోసి క్విల్ట్‌లా అతుకుతావట. అది విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కాపాకి బెరడిచ్చే వౌకే మొక్కకి పక్క చిగుళ్లు వచ్చినవి వచ్చినట్టే గిల్లెయ్యి, కొమ్మ వేసిన చోటల్లా గుడ్డలో చిల్లు పడుతుంది. బెరడు మొదటి విడత రాతి మీద, రెండో విడత చెక్క దిమ్మ మీద కొట్టు. ఒలేనా అంటే మన పసుపే కాబట్టి ఎండ తగిలితే వెలిసిపోతుంది, జాగ్రత్త.

ఇక కత్తెర సంగతి. కెప్టెన్ కుక్ ఓడల్లో పసిఫిక్ దీవుల నుంచి వెళ్లిన బెరడు వస్త్రాలను 1787లో లండన్‌లో అలెగ్జాండర్ షా అనే ఆయన చిన్న చిన్న ముక్కలు కోయించి, నమూనా పుస్తకాలుగా కట్టించాడు. హవాయి కాపా కూడా అందులో పడింది. ఆ ముక్కల్లో గీతలు కనిపిస్తాయి, రంగు కనిపిస్తుంది. అది దుప్పటిలోదా, మొలకట్టులోదా, అంచు ఎలా ముగించారు, డిజైన్ ఎటు సాగింది అంటే ఏం చెప్పగలం? తర్వాత 19వ శతాబ్దం చివరికి ఇక్కడ హవాయిలో ఈ పనే దాదాపు ఆగిపోయింది. 1970లలో పువానాని వాన్ డార్ప్ లాంటివాళ్లు మళ్లీ మొదలుపెట్టేసరికి చేసి చూపించే పెద్దలు లేరు. మ్యూజియంలలో మిగిలిన పాత కాపానే వాళ్లకి గురువు. వస్త్రాన్ని వెలుతురుకి పట్టుకుని, కొట్టిన సుత్తి మీది చెక్కడం దిగిన గుర్తులు చదువుకున్నారు. నిండు వస్త్రం దొరికిన చోట దొరికిన పాఠం ముక్కలో ఎలా దొరుకుతుంది? ఆ షా చేసిన పని మన పిల్ల చేతుల మీదుగా జరగడం నాకు ఇష్టం లేదు.

కుట్టొద్దనడం లేదమ్మా. పాతకాలపు దుప్పటి కాపా మోయె ఉంది కదా, నాలుగు తెల్ల పొరలు, పైన కిలోహన అనే రంగుల పొర. అన్నిటినీ ఒక్క అంచునే కలిపి కుట్టేవారు. చలిని బట్టి పొరలు వెనక్కి తిప్పేసుకోవచ్చు. నేతగుడ్డలో సూది దిగితే పోగులు పక్కకి జరుగుతాయి. కాపాలో పోగులుండవు, పీచు తెగి చిల్లు అలాగే ఉండిపోతుంది. దగ్గర దగ్గరగా కుట్టావో, తపాలా బిళ్లల్లా ఆ వరస వెంట చిరుగుతుంది. కుట్లు దూరం దూరంగా వెయ్యి, అంచుకి మరీ దగ్గరగా రాకు.

క్విల్ట్ డిజైనే కావాలంటే వెదురు అచ్చులతో అద్దు. ఇక్కడి ఆడవాళ్లు కూడా మిషనరీల దగ్గర కుట్టు నేర్చుకున్నాక, గుడ్డని పేలికలు చేసి మళ్లీ అతకడం దేనికని, ఎనిమిది మడతలు వేసి ఒకే పెద్ద ఆకారం కోసి నిండు గుడ్డ మీద కుట్టారట. అదీ కాటన్ మీద!

ఇంత తిట్టానని మొహం ముడుచుకోకు. నీ కుట్టు ఎంత సన్నగా ఉంటుందో నాకు తెలియదా? సెలవు పెట్టుకుని హిలోలో మా ఇంటికి రా. పెరట్లో వౌకే కోతకొచ్చింది, కలిసి కొడదాం. కోసి చూడాలని అంత ఉంటే, కొట్టేటప్పుడు చినిగిపోయినవి నీకే ఇస్తాను.

నీ పిన్ని