ఎఫ్22 పెడితే ఫోటో ఎందుకు సాఫ్ట్‌గా వచ్చింది?

ప్రశ్న: సార్, నాది 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్. ముందున్న రాళ్ల నుంచి వెనక కొండ దాకా అంతా క్లియర్‌గా రావాలని ట్రైపాడ్ వేసి మరీ ఎఫ్22లో తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే రాళ్లూ కొండా అన్నీ సాఫ్ట్‌గానే ఉన్నాయి. అక్కడే ఎఫ్8లో ఊరికే తీసిన ఫోటో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. లెన్స్ పాడైందా?

జవాబు: లెన్స్‌కి ఏమీ కాలేదు, రిపేరుకి ఇవ్వకండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎంత మూస్తే అంత షార్ప్ అని అందరం ఎప్పుడో ఒకప్పుడు నమ్ముతాం. నేనూ ఒక ప్రయాణం మొత్తం ఎఫ్22లోనే తీసుకొచ్చి తల పట్టుకున్నవాణ్ణే.

ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచితే లెన్స్ అంచుల్లోంచి వచ్చే కిరణాలూ మధ్యలోంచి వచ్చే కిరణాలూ సరిగ్గా ఒకే చోట కలవవు, అందుకే ఫోటో మీద పల్చటి పొగ కమ్మినట్టు ఉంటుంది, మూలల్లో మరీనూ. రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది) మూస్తే ఆ అంచు కిరణాలు ఆగిపోయి వివరాలు తేలతాయి. కానీ కాంతి తరంగం కదా, ఇరుకు సందులోంచి దూరితే పక్కలకు పరుచుకుంటుంది. ఫిజిక్స్ క్లాసులో వివర్తనం అని చదివి పరీక్ష అయిపోగానే మర్చిపోయామే, అదే ఇది. దానివల్ల చుక్కంత వెలుగు కూడా సెన్సర్ మీద చుక్కగా పడకుండా చిన్న బిళ్లలా పడుతుంది. దీని లెక్క 1835లో జార్జ్ ఎయిరీ అనే శాస్త్రవేత్త తేల్చాడు, అందుకే ఎయిరీ డిస్క్ అంటారు.

ఈ బిళ్ల సైజు ఎఫ్ నంబర్‌ని బట్టి, కాంతి రంగుని బట్టి ఉంటుంది, కెమెరా ఏదైనా సరే. ఆకుపచ్చ వెలుగుకి ఎఫ్8లో సుమారు 10.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), ఎఫ్22లో 29.5 మైక్రాన్లు. మీ సెన్సర్ 23.5 మి.మీ. వెడల్పులో 6000 పిక్సెళ్లు పెట్టుకుంది, అంటే ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. ఎఫ్22లో ఒక్క చుక్క ఏడెనిమిది పిక్సెళ్ల మీదకి పాకింది, ఇక షార్ప్‌నెస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎఫ్8లో కూడా బిళ్ల పిక్సెల్ కంటే పెద్దదే కదా అని అడగొచ్చు. నిజమే, కానీ వెలుగులో ఎక్కువ భాగం బిళ్ల నడిమధ్యనే ఉంటుంది, అంచులకి వెళ్లేకొద్దీ పల్చబడుతుంది. అందుకని రెండు మూడు పిక్సెళ్ల వెడల్పున్నా కంటికి పెద్దగా తెలియదు.

మీలాంటి కెమెరాకి ఎఫ్5.6 నుంచి ఎఫ్8 దాకా మంచి చోటు, తప్పదనుకుంటే ఎఫ్11. ల్యాండ్‌స్కేప్‌కి ఎపర్చర్ ఇంకా మూసే ముందు ఫోకస్ ఎక్కడ పెట్టామో చూసుకోండి. లెక్క ప్రకారం 18 మి.మీ. దగ్గర, ఎఫ్8లో, 2 మీటర్లకి కాస్త పైన ఫోకస్ చేస్తే సుమారు 1 మీటరు నుంచి అనంతం దాకా షార్ప్‌గా రావాలి. కాకపోతే ఆ లెక్కలో 0.02 మి.మీ. మసకని కూడా షార్ప్ కిందే జమ కట్టేస్తారు, మీ సెన్సర్ మీద అది 5 పిక్సెళ్లు! కొండే ముఖ్యమైతే ఫోకస్ ఇంకొంచెం దూరానికి, 3-4 మీటర్ల దగ్గరికి జరపండి. ముందు రాళ్లు మరీ కాళ్ల దగ్గరే ఉంటే రాళ్లకి ఒకటి, కొండకి ఒకటి తీసి తర్వాత కలుపుకోండి.

ప్రశ్న: ఫుల్‌ఫ్రేమ్‌కి మారితే ఈ వివర్తనం బాధ తప్పుతుందా? పెద్ద సెన్సర్ అంటే షార్ప్ ఫోటో అని నా స్నేహితుడు తెగ ఊదరగొడుతున్నాడు.

జవాబు: స్నేహితుడి మాటలో నిజం ఉంది, అతను చెప్పే కారణమే వేరే అయి ఉంటుంది.

ఎఫ్11లో పడే బిళ్ల ఫుల్‌ఫ్రేమ్ మీదా క్రాప్ సెన్సర్ మీదా ఒకే సైజు. తేడా వచ్చేది ఫోటోని పెద్దది చేసేటప్పుడు. 36 సెం.మీ. వెడల్పు ప్రింటు వేయాలనుకోండి, 36 మి.మీ. వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ బొమ్మని 10 రెట్లు పెంచితే సరిపోతుంది, మీ క్రాప్ సెన్సర్‌ బొమ్మని సుమారు 15 రెట్లు, ఇంకా చిన్న సెన్సరైన మైక్రో ఫోర్ థర్డ్స్‌దైతే దాదాపు 21 రెట్లు పెంచాలి. బొమ్మతో పాటు దాని జబ్బులూ అన్ని రెట్లు పెరుగుతాయి: లెన్స్ లోపం, వివర్తనం, చేతి వణుకు అన్నీ. పెద్ద సెన్సర్‌కి అసలు లాభం ఇదే, అది లెన్స్‌ని తక్కువ కష్టపెడుతుంది.

అందువల్ల ఒకే సైజు ప్రింటులో ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్16, క్రాప్ సెన్సర్ ఎఫ్11 (ఖచ్చితంగా అయితే 10.7) వివర్తనంలో సమానంగా కనిపిస్తాయి. అంటే ఫుల్‌ఫ్రేమ్‌కి ఒక స్టాప్ పైచిలుకు కలిసొచ్చిందన్నమాట అని సంబరపడేలోపు ఇంకో సంగతి వినండి. ఒకే చోట నిలబడి, ఒకే ఫ్రేము వచ్చేలా తీస్తే ముందు వెనకలు ఎంతవరకు ఫోకస్‌లో ఉంటాయి అన్నది కూడా ఆ రెంటికీ సమానమే! కొండా రాళ్లూ రెండూ కావాలంటే ఫుల్‌ఫ్రేమ్‌లో మీరు ఎఫ్16కి వెళ్లక తప్పదు, వెళ్లగానే ఆ కలిసొచ్చిందంతా ఖర్చయిపోతుంది.

1932లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వగైరా ఫోటోగ్రాఫర్లు ఒక బృందం కట్టి దానికి ఎఫ్/64 అనే పేరు పెట్టుకున్నారు, అంతా షార్ప్‌గా ఉండాలన్నదే వాళ్ల పంతం. ఎఫ్22కే మనం ఏడుస్తుంటే ఎఫ్64 ఏమిటి అనిపిస్తుంది. కానీ 8×10 అంగుళాల ఫిల్మ్ మీద తీస్తే ఆ ఎఫ్64 ఇవాళ్టి ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్8 లేదా ఎఫ్9తో సమానం. ఎఫ్ నంబర్ ఎవరైనా గొప్పగా చెబితే ముందు సెన్సర్ ఎంత అని అడగండి.

మరి ఫుల్‌ఫ్రేమ్ ఎప్పుడు గెలుస్తుంది? వెనక మసకగా ఉన్నా పర్లేదనుకున్నప్పుడు, వెలుతురు తక్కువున్నప్పుడు. ఒకే ఎఫ్ నంబర్, ఒకే షట్టర్ స్పీడ్‌లో అది క్రాప్ సెన్సర్ కంటే మొత్తం మీద సుమారు 2.25 రెట్లు ఎక్కువ కాంతి పట్టుకుంటుంది, వైశాల్యం అంత పెద్దది మరి. గ్రెయిన్ (ఫోటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తక్కువగా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని తుడిచే పేరుతో జుట్టునీ బట్ట నేతనీ కలిపి తుడిచేయదు. మీరు తీసేవి ఎక్కువగా పగటి ల్యాండ్‌స్కేప్‌లైతే మాత్రం ఆ డబ్బు ఉంచుకోండి.

ప్రశ్న: నా ఫోన్‌లో ఎపర్చర్ ఎఫ్1.8. కెమెరా లెన్స్ ఎఫ్3.5 మాత్రమే. ఫోన్‌దే పెద్ద కన్ను కదా?

జవాబు: కాదు. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ఫోన్ మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ 7 మి.మీ. అనుకుంటే రంధ్రం 3.9 మి.మీ. మీ 18 మి.మీ. లెన్స్ ఎఫ్3.5లో 5.1 మి.మీ. మీ లెన్స్‌దే పెద్దది.

ఇంకో మాట, చాలా ఫోన్లలో ఎపర్చర్ మార్చే వీలు ఎందుకు పెట్టరో కూడా మొదటి జవాబులోనే ఉంది. ఫోన్ పిక్సెల్ ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది. ఎఫ్1.8లోనే బిళ్ల 2.4 మైక్రాన్లు, ఇక ఎఫ్8కి మూస్తే ఒక చుక్క పది పిక్సెళ్ల వెడల్పున అలుక్కుపోతుంది. అందుకే వెలుతురు ఎక్కువైతే ఫోన్ షట్టర్‌తోనే నెట్టుకొస్తుంది.

ప్రశ్న: కొత్తగా 50 మి.మీ. ఎఫ్1.8 కొన్నాను, క్రాప్ సెన్సర్ మీద వాడుతున్నాను. దగ్గర్నుంచి ముఖాలు తీస్తే సగం ఫోటోలు షార్ప్‌గా లేవు. లెన్స్ మార్చమని అడగనా?

జవాబు: తొందరపడకండి. 1 మీటరు దూరంలో ఎఫ్1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం మొత్తం కలిపి 3 సెం.మీ. కూడా ఉండదు. కంటికి పెడితే చెవి పోతుంది, ఆ మనిషి ఊపిరి పీల్చి కొంచెం ముందుకి ఊగినా కన్నూ పోతుంది. ముందుగా ఎఫ్2.8 పెట్టి, కంటిని గుర్తుపట్టే ఫోకస్ ఉంటే అది ఆన్ చేసి తీసి చూడండి. షట్టర్ స్పీడ్ కనీసం 1/75 సెకను ఉండాలని పాత సూత్రం, 24 మెగాపిక్సెళ్లకి నేనైతే 1/160 కంటే కిందికి దిగను.

అయినా అనుమానం పోకపోతే, బాగా వెలుతురున్న చోట గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద, 2 సెకన్ల టైమర్‌తో, ఎఫ్1.8 నుంచి ఎఫ్16 దాకా ఒక్కో స్టాప్‌కి ఒక్కో ఫోటో తీయండి, ప్రతిసారీ లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద చూస్తూ) కొత్తగా ఫోకస్ చేయండి. ఎఫ్5.6 దగ్గర ఎడమ మూల అక్షరాలు బాగుండి కుడి మూలవి చెదిరిపోతే ముందు కెమెరా గోడకి తిన్నగా ఉందో లేదో చూడండి. తిన్నగానే ఉంటే అప్పుడు అడగండి, మార్చమని గట్టిగానే అడగండి.

ప్రశ్న: వివర్తనంతో పోయిన షార్ప్‌నెస్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్ పెంచితే తిరిగొస్తుందా?

జవాబు: ఎఫ్11 దాకా చాలావరకు వస్తుంది. అక్కడ వివరాలు మాసిపోతాయి గానీ చెరిగిపోవు, పైగా ఆ మాపు ఫ్రేమంతా ఒకేలా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి పని సులువు. ఎఫ్22లో అలా కాదు. మి.మీ.కి సుమారు 80 జతల గీతలు దాటిన సన్నటి వివరం ఆ రంధ్రంలోంచి అసలు రానే రాదు, 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ 128 దాకా పట్టగలిగినా సరే. రానిదాన్ని షార్పెనింగ్ ఎలా పెంచుతుంది? స్లైడర్ ఇంకా లాగితే కొండ అంచు చుట్టూ తెల్ల గీత మిగులుతుంది, అంతే.