థైరాయిడ్ మాత్రతో పాటే ఐరన్, కాల్షియం వేసుకోవచ్చా?

మూడూ పొద్దున్నే ఒకేసారి వేసుకోకండి. ఐరన్, కాల్షియం పేగులో థైరాక్సిన్‌ను (థైరాయిడ్ మాత్రలోని మందును) పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. రోజూ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే హార్మోన్) పెరిగిపోతుంటే, డోసు పెంచే ముందు చూడాల్సింది ఇదే.

ఉదయం 6 గంటలకు పరగడుపున థైరాక్సిన్, మంచినీళ్లతో మాత్రమే. కాఫీ, టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఖనిజాల మాత్రలకైతే కనీసం 4 గంటల ఎడం కావాలి. కాల్షియం కార్బొనేట్ అన్నంతో బాగా పడుతుంది కాబట్టి మధ్యాహ్నం భోజనంతో సరి. ఐరన్‌కు కాల్షియం కూడా అడ్డే. అందుకే ఐరన్‌ను రాత్రికి పెట్టుకోండి. మల్టీవిటమిన్‌లోనూ, కొన్ని గ్యాస్ మందుల్లోనూ ఇవే ఖనిజాలు ఉంటాయి. డబ్బా మీది చిన్న అక్షరాలు చదవాల్సిందే!

జుట్టుకని వాడే బయోటిన్ సంగతి వేరు. అది మందును ఆపదు, రక్తపరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి.

అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు గుళికలు సొంతంగా మొదలుపెట్టొద్దు. హషిమోటో (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్నవారికి ఎక్కువ అయోడిన్ చేటు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో సాధారణంగా అదే చాలు. గర్భిణులు మాత్రం డాక్టర్‌ను అడగాలి.

వేళలు మార్చాక 6–8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. అంతకన్నా ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు.